అమ్మతో సినిమా – 6: రెక్కలున్న మనిషిని మ్యూజియంలో పెట్టారు

పోయిన ఆదివారం అమ్మ మా ఇంటికొచ్చింది. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ సోఫాకు ఆనుకుని కింద కూర్చుంది. (అమ్మ ఇంకా సోఫా మీద కూర్చోదు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.) నేను ల్యాప్‌టాప్‌లో ఒక పాత రష్యన్ సినిమా పెట్టాను. నలుపు తెలుపు బొమ్మ. ఆ భాష మా ఇద్దరికీ రాదు. నాకు కింద ఇంగ్లీషు అక్షరాలైనా ఉన్నాయి, అమ్మకు అవి కూడా లేవు. అయినా చూస్తానంది.

మొదటి సీనులో ఒక టైలర్ ఒకామెకు కోటు కొలతలు తీస్తుంటాడు. టేపు పెట్టి ఒక్కో అంకె పైకి చదువుతుంటాడు. ఆమె కదలకుండా, నిటారుగా నిలబడి ఉంటుంది. చివరికి ఆమెది మామూలు సైజేనని తేలుస్తాడు.

"గామె మొగోని లెక్క నిలబడ్డదేందే?" అంది అమ్మ.

నేను రాయాలనుకున్నదంతా దాదాపు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఈ సిరీస్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. సినిమా మొదలైన అయిదు నిమిషాల్లో అమ్మ ఒక మాట అంటుంది, దాన్ని వివరించడానికి నాకు పది పేజీలు పడుతుంది. నా పీహెచ్‌డీ ఉపయోగం అంతవరకే.

సినిమా పేరు 'క్రిల్యా'. అంటే రెక్కలు. 1966లో వచ్చింది. తీసిన మనిషి లారిసా షెపిత్కో. ఉక్రెయిన్‌లో పుట్టింది, మాస్కో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దొవ్‌జెంకో దగ్గర చదువుకుంది. 'జమీల్యా' రాసిన ఐత్మాతోవ్ మనకు తెలుసు కదా, ఆయన కథతోనే తన మొదటి పెద్ద సినిమా తీసింది. 1977లో 'ద అసెంట్' సినిమాకు బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చింది. రెండేళ్ళకే, 1979లో, తర్వాతి సినిమాకు లొకేషన్లు చూడబోయి రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 41 ఏళ్ళు. 'రెక్కలు' వచ్చేనాటికి 28. స్క్రిప్టు రాసిన ఇద్దరిలో ఒకరైన నతాల్యా ర్యజాంత్సెవాదీ అదే వయసు. అంటే యుద్ధం నాటికి పసిపిల్లలుగా ఉన్న ఇద్దరు ఆడపిల్లలు, యుద్ధం చేసి వచ్చిన తమ ముందుతరం ఆడవాళ్ళ వైపు చూసి "ఈమె ఎందుకిలా నిలబడుతుంది?" అని అడిగారు. మా అమ్మ అడిగిందీ అదే.

ఆమె పేరు నదేజ్దా పెత్రూఖినా. వయసు నలభై దాటింది. యుద్ధంలో ఫైటర్ విమానం నడిపింది. ఇప్పుడు ఒక చిన్న ఊళ్ళో వృత్తివిద్యా పాఠశాలకు డైరెక్టర్. మన ఐటీఐ ప్రిన్సిపాల్ అనుకోండి. నగర సోవియట్‌లో డిప్యూటీ కూడా. ఆ పాత్ర వేసిన మాయా బుల్గకోవాకు అప్పటికి నిజంగా నలభై లేవు. కానీ ఆ భుజాలూ, ఆ మెడా, ఆ అడుగులూ చూస్తే పాతికేళ్ళు ఉద్యోగం చేసి అలసిపోయిన మనిషే అనిపిస్తుంది.

కథలోకి వెళ్ళేముందు కొంచెం చరిత్ర.

1941 అక్టోబర్‌లో మరీనా రస్కోవా అనే విమాన నావిగేటర్ ఆధ్వర్యంలో సోవియట్ ప్రభుత్వం ఆడవాళ్ళతో మూడు వైమానిక రెజిమెంట్లు పెట్టింది. ఒకటి ఫైటర్లకు, ఒకటి పగటి బాంబర్లకు, ఒకటి రాత్రి బాంబర్లకు. రాత్రి రెజిమెంట్‌కు ఇచ్చినవి చెక్కతో, గుడ్డతో చేసిన పో-2 విమానాలు. శిక్షణకూ పొలాలకు మందు కొట్టడానికీ వాడే బండ్లవి. వాటితోనే జర్మన్లకు నిద్ర లేకుండా చేశారు. మొత్తం యుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళు దాదాపు 8 లక్షలు. నర్సులే కాదు, స్నైపర్లు, ట్యాంకు నడిపినవాళ్ళు, సిగ్నల్ ఆపరేటర్లు.

గెలిచారు. గెలిచాక ఏమైంది? రాత్రి బాంబర్ రెజిమెంట్‌ను 1945 అక్టోబర్‌లో రద్దు చేశారు. అదే ఏడాది దేశాధ్యక్షుడు కలీనిన్, సైన్యం నుంచి ఇంటికి వెళ్తున్న ఆడపిల్లలతో మాట్లాడుతూ, చేసిన సేవ గురించి మీరు చెప్పుకోకండి, వేరేవాళ్ళను చెప్పనివ్వండి అని సలహా ఇచ్చాడు. వేరేవాళ్ళు ఎంత చెప్పారో తెలుసుకోవడానికి స్వెత్లానా అలెక్సీవిచ్ పుస్తకం వచ్చేదాకా, అంటే 1985 దాకా ఆగాల్సొచ్చింది. ఫ్రంటుకు వెళ్ళొచ్చిందని చెప్తే పెళ్ళికాదని, ఊళ్ళో నానామాటలు అంటారని, మెడల్స్ పెట్టెలో దాచుకున్న ఆడవాళ్ళు ఆ పుస్తకం నిండా ఉన్నారు.

ఇంకో సంగతి. 1944లోనే కొత్త కుటుంబ చట్టం తెచ్చారు. పదిమంది పిల్లల్ని కన్నవాళ్ళకు 'వీరమాత' బిరుదు. పెళ్ళికాకుండా బిడ్డను కన్న తల్లికి మాత్రం ఆ బిడ్డ తండ్రి పేరు కాగితం మీద రాయించుకునే హక్కు లేదు. 1959 జనాభా లెక్కల్లో ఆ దేశంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు 2 కోట్లకు పైగా ఎక్కువ. అంటే కోట్లమంది ఆడవాళ్ళు పెనిమిటి లేకుండానే బతకాలి, పనిచేయాలి, పిల్లల్ని పెంచాలి. ఫ్యాక్టరీలు, పొలాలు, బడులు, ఆస్పత్రులు మళ్ళీ నిలబడ్డది వాళ్ళ చేతుల మీదే.

ఇక్కడే నాకు ఇద్దరితో తగాదా ఉంది.

ఒకరు మన వామపక్ష మిత్రులు. సోవియట్‌లో ఆడదానికి పని ఇచ్చారు, సమాన హక్కులు ఇచ్చారు, ఇక సమస్య ఏముంది అంటారు. రెండోవాళ్ళు అగ్రకుల స్త్రీవాద మిత్రులు. గడప దాటి పనిలోకి వెళ్ళడమే విముక్తి అంటారు. ఇద్దరికీ పని అనేది గమ్యం. మా అమ్మకు పని గమ్యం కాదు. ఏడేళ్ళప్పుడు గేదెల వెనక మొదలైంది, నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, మట్టిపని, చివరికి హాస్టల్లో వంట. మా వాడల్లో ఆడవాళ్ళకు దాటడానికి గడపే ఉండేది కాదు. మేము ఎప్పుడూ బయటే ఉన్నాం. 'నల్లపొద్దు' సంకలనంలోని దళిత స్త్రీల రాతలు నా విద్యార్థులకు చెప్పేటప్పుడు మొదటి క్లాసులోనే ఈ మాట చెప్తాను. పని దొరికిందా అన్నది మా ప్రశ్న కాదు. పనిచేశాక మనిషిగా చూశారా అన్నదే ప్రశ్న.

షెపిత్కో కులం గురించి సినిమా తీయలేదు. ఆ దేశంలో ఆ మాటే లేదు. నేను దాన్ని తెచ్చి అక్కడ అతికించను. కానీ ఆమె సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. పెత్రూఖినాకు ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పదవి ఉంది, ఊళ్ళో గౌరవం ఉంది. మరి ఎందుకు ఊపిరాడట్లేదు?

రెండు సీన్లు చెప్తాను.

ఒక సాయంత్రం ఆమె ఒక్కతే రెస్టారెంట్‌కు వెళ్తుంది. సాయంత్రం పూట మగతోడు లేని ఆడవాళ్ళకు ప్రవేశం లేదంటారు. ఆకాశంలో శత్రు విమానాలతో పోరాడిన మనిషి, ఆ ఊరి ప్రజాప్రతినిధి, గిన్నెడు సూపు తాగడానికి పక్కన ఒక మగాడు కావాలి. అమ్మకు ఈ సీను చెప్పనక్కర్లేకపోయింది. "లోపటికి రానియ్యరా?" అంది. రానియ్యరమ్మా అన్నాను. "బయట కూసోబెట్టి పెడ్తరా మరి?" అంది. అది కూడా లేదన్నాను. అమ్మకు తెలిసిన హోటళ్ళు వేరు, అమ్మ గ్లాసు వేరు. అయినా వాకిట్లో ఆగిన కాళ్ళను గుర్తుపట్టడానికి ఏ భాషా రానక్కర్లేదు.

రెండోది మ్యూజియం. ఆ ఊరి మ్యూజియంలో యుద్ధవీరుల ఫోటోల్లో పెత్రూఖినా ఫోటో ఉంటుంది. ఆమె ప్రేమించిన పైలట్ మీత్యా ఫోటో కూడా ఉంటుంది. అతని విమానం దెబ్బతిని కూలిపోతుంటే ఆమె తన విమానంతో చుట్టూ తిరుగుతూ, ఏమీ చేయలేక చూసింది. మ్యూజియానికి వచ్చిన బడిపిల్లల్లో ఒక పాప ఆమె గురించే, ఈమె కూడా చనిపోయిందా అని అడుగుతుంది. ఆ మనిషి అక్కడే, వాళ్ళ వెనకే నిలబడి వింటూ ఉంటుంది.

ఆ మ్యూజియం డైరెక్టర్‌కు ఆమె అంటే ఇష్టం. ఒకరోజు ఆమే నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగేస్తుంది, మళ్ళీ తనే దాన్ని హాస్యం చేసేస్తుంది, మ్యూజియం వస్తువును పెళ్ళాడినట్టవుతుందని. నవ్వుతూనే అంటుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మనుషుల్ని గోడకు తగిలించడం మన దగ్గరా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన ఆడవాళ్ళ మాటల్ని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో తెచ్చారు. 1951లో పోరాటం విరమించాక ఆ ఆడవాళ్ళలో చాలామందికి అందిన ఆదేశం ఒకటే, ఇళ్ళకు పొండి. అడవిలో దళాలతో తిరిగినవాళ్ళు మళ్ళీ పొయ్యి ముందుకు వచ్చారు. చాకలి అయిలమ్మ 1985లో పోయింది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆమె విగ్రహాలే. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. పెట్టాల్సిందే, నాకు సంతోషమే. కానీ బతికున్నన్నాళ్ళు ఆమె ఎట్లా బతికిందని అడిగినవాళ్ళు ఎందరు? విగ్రహం తిండి అడగదు, అలిసిపోయానని చెప్పదు, ఎదురు మాట్లాడదు. అందుకే అందరికీ విగ్రహమంటే ఇష్టం.

ఇంతవరకు రాసింది చదివి, పెత్రూఖినా పాపం బాధితురాలు అనుకుంటే పొరపాటు. షెపిత్కో అంత సులువుగా వదల్లేదు. ఈ సినిమా గొప్పతనం అక్కడే ఉంది, నాకు నొప్పి పుట్టిందీ అక్కడే.

పెత్రూఖినా మంచి టీచర్ కాదు. మిలిటరీ మనిషి. ఆజ్ఞలిస్తుంది. పిల్లలు ఆమెను చూస్తే బిగుసుకుపోతారు. పెంచుకున్న కూతురు తాన్యా ఎవరినో పెళ్ళి చేసుకుంటే, చూడ్డానికి వెళ్ళి అల్లుడెవరో తెలియక ఇంకొకణ్ణి అల్లుడనుకుంటుంది. ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరికీ ఊపిరాడదు. నీ జీవితం నువ్వు చూసుకోమంటే ఆ మాటే ఆమెకు అర్థం కాదు. పంపిన చోటికి వెళ్ళాం, చెప్పిన పని చేశాం అన్నదొక్కటే ఆమెకు తెలిసిన జీవితం.

బిస్త్ర్యకోవ్ అనే కుర్రాణ్ణి ఆమె బడి నుంచి తీసేస్తుంది. తప్పు చేశాడు, క్షమాపణ చెప్పలేదు, రూల్ ప్రకారం తీసేసింది. తర్వాత వాడు ఆమె ముఖం మీదే, మీరంటే నాకు ద్వేషం అని చెప్తాడు. ఆమె ముఖం అప్పుడు చూడాలి. కోపం రాదు. ఎదురుగా నిలబడ్డ శత్రువును గుర్తుపట్టలేని సైనికుడి ముఖంలా ఉంటుంది.

నేను అక్కడ సినిమా ఆపేశాను. అమ్మ "ఏమన్నడే ఆ పోరడు?" అని అడిగింది. చెప్పలేదు, నీళ్ళు తెచ్చుకుంటానని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

రెండేళ్ళ కింద నా క్లాసులో ఒక పిల్లవాడుండేవాడు. మా వాడే. మా జిల్లా, మా కులం. రోజూ మొదటి గంటకు ఆలస్యం. వచ్చినా చివరి బెంచీలో నిద్ర. మూడుసార్లు బయటికి పంపించాను. హాజరు 75 శాతానికి తగ్గింది. మినహాయింపు కాగితం పట్టుకుని వస్తే సంతకం పెట్టలేదు. రూల్ రూలే అన్నాను. అంతటితో ఆగలేదు. నేనెట్లా చదువుకున్నానో చెప్పాను. హాస్టల్లో పురుగుల అన్నం తిని, వరండా బల్బు కింద కూర్చుని చదివానని, మా కాలంలో సాకులు చెప్పలేదని. 'మా కాలంలో'! నాకింకా నలభై రాలేదు, అప్పుడే నాకొక కాలం వచ్చేసింది.

వాడు రాత్రంతా ఫంక్షన్ హాళ్ళలో ప్లేట్లెత్తే పనికి పోతున్నాడని తర్వాత అటెండర్ చెప్తే తెలిసింది. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. వాడు చెప్పింది ఒక్కటే. స్టాఫ్ రూం తలుపు దగ్గర నిలబడి, "మేడం, మీరు మనోళ్ళనుకున్న. మీరూ గంతే" అని వెళ్ళిపోయాడు. పరీక్ష రాయలేదు. మళ్ళీ కాలేజీకి రాలేదు.

నేను మంచిదాన్ననే అనుకున్నాను మిత్రులారా. ఇప్పటికీ ఆ పని ఎందుకు చేశానో నాకు తెలుసు. నా తరానికి మొదటిసారి ఈ కుర్చీ దొరికింది. నేను ఒక్క నిమిషం ఆలస్యమైతే రిజర్వేషన్ వాళ్ళింతే అంటారు. నా చీర నలిగినా, నా ఉచ్చారణ తప్పినా నా ఒక్కదాని తప్పు కాదది, మా వాడ మొత్తానికి మార్కులు తగ్గుతాయి. అందుకే నిటారుగా నిలబడటం నేర్చుకున్నాను, పెత్రూఖినాలాగా. టైలర్ కొలిచినా ఎక్కువా తక్కువా రాకుండా. ఆ బిగువునే క్రమశిక్షణ అని పేరు పెట్టి నా పిల్లల మీద రుద్దాను. కులం పనిని మాత్రమే పంచదు, పనిచేసేవాళ్ళను ఒకరికొకరు కాకుండా చేస్తుందని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. క్లాసులో ఎన్నిసార్లు వివరించానో. కుర్చీ ఎక్కాక నేనూ అదే పనిచేస్తానని అనుకోలేదు.

అలాగని పెత్రూఖినాను తిట్టి వదిలేస్తే షెపిత్కో ఇంత కష్టపడి సినిమా తీయక్కర్లేదు. ఇంకో సీనుంది. షూరా అని, చిన్న బీరుషాపు నడిపే ఆమె. ఒకరోజు షాపులో ఎవరూ లేనప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు, కూనిరాగం తీస్తారు, మెల్లగా లేచి ఒకరి నడుం ఒకరు పట్టుకుని వాల్ట్జ్ తిరుగుతారు. సినిమా మొత్తంలో పెత్రూఖినా భుజాలు కిందికి దిగేది అప్పుడే. తీరా చూస్తే అద్దం అవతల మగవాళ్ళు గుమిగూడి చూస్తుంటారు. డాన్సు ఆగిపోతుంది.

అమ్మకు బాగా నచ్చిన సీను ఇదే. నవ్వింది కూడా. తర్వాత, "ఆ దుకాణపామె మంచిగున్నది, ఆమె కథ చెప్పరా?" అంది.

చెప్పరు. ఈ సినిమా మీద నా ఫిర్యాదు కూడా అదే. యుద్ధం తర్వాత ఆ దేశాన్ని మోసినవాళ్ళలో పైలట్లు ఎంతమంది, షూరాలు ఎంతమంది? గ్లాసులు కడిగినవాళ్ళు, ఇటుకలు మోసినవాళ్ళు, ఫ్యాక్టరీ నుంచి లైన్లో నిలబడటానికి, లైన్ నుంచి పిల్లల దగ్గరికి పరుగెత్తినవాళ్ళు. 1969లో నతాల్యా బరాన్స్కయా 'నోవీ మీర్' పత్రికలో ఒక ఉద్యోగిని వారం రోజుల పరుగును కథగా రాసింది, ఆ దేశమంతా ఉలిక్కిపడింది. అంత మామూలు సంగతి అప్పటిదాకా ఎవరూ అలా రాయలేదు మరి. షెపిత్కో కెమెరా కూడా షూరా దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ ఆకాశం వైపు వెళ్ళిపోయింది. ఆకాశం చూసినవాళ్ళ బాధే పెద్ద బాధగా కనిపించడం ఎక్కడైనా ఉన్నదే. మా అమ్మ మీద నేను రాసేటప్పుడు కూడా నా చదువు కథే ఎక్కువ రాస్తుంటాను. ఒప్పుకుంటున్నాను.

అయినా 'రెక్కలు' సినిమాను నేను గట్టిగా సమర్థిస్తాను. ఎందుకో తెలియాలంటే 1980లో వచ్చిన 'మాస్కో కన్నీళ్ళను నమ్మదు' చూడండి. ఆస్కార్ వచ్చింది, కోట్లమంది చూశారు. అందులోనూ కష్టపడి ఫ్యాక్టరీ డైరెక్టర్ అయిన ఆడమనిషి ఉంది, కతెరీనా. ఆమెకు దొరికిన మగాడు, నేను మగాణ్ణి కాబట్టి నిర్ణయాలన్నీ నేనే తీసుకుంటానంటాడు. ఆమె పదవి తనకంటే పెద్దదని తెలిసి అలిగి వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చి కూర్చుని సూపు తాగుతుంటే ఆమె కళ్ళనిండా నీళ్ళతో చూస్తూ ఉంటుంది. అందరికీ హాయి. ఆ సినిమా నాకూ ఇష్టమే, కానీ అది ఆడవాళ్ళ అలసటకు మగాణ్ణి మందుగా రాసిచ్చింది. షెపిత్కో పద్నాలుగేళ్ళ ముందే ఆ చీటీ రాయనంది.

ఆమె ఏం చేసిందంటే, పెత్రూఖినాను విమానాల క్లబ్బు మైదానానికి తీసుకెళ్ళింది. ఆమె సరదాగా ఒక చిన్న విమానమెక్కి కూర్చుంటుంది. కుర్రాళ్ళు నవ్వుతూ ఆ విమానాన్ని షెడ్డు వైపు తోస్తుంటారు. పెద్దమనిషిని ఆటపట్టిస్తున్నట్టు. షెడ్డు దగ్గరపడుతుంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు. ఒక్కసారిగా ఇంజన్ స్టార్ట్ చేస్తుంది. కుర్రాళ్ళు పరుగెడతారు. విమానం లేస్తుంది. అంతే, సినిమా అయిపోయింది.

అమ్మ కాసేపు ఆ నల్ల తెర వైపే చూసింది.

"కిందికి దిగుతదా?"

"తెల్వదమ్మా. చూపించలే."

"దిగితే మల్ల గదే బడికి పోవాలె గద" అంది. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, పొయ్యి మీద పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రాత్రి పాత రిజిస్టర్ వెతికి ఆ పిల్లవాడి నంబర్ తీశాను. మూడోసారి ఎత్తాడు. హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడట. తప్పు నాదేనని చెప్పాను, సప్లిమెంటరీకి ఫీజు నేను కడతానన్నాను. కాసేపు బండి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "చూస్త మేడం, ఆర్డర్ ఉన్నది" అని పెట్టేశాడు. క్షమించాడో లేదో తెలియదు. క్షమించాల్సిన అవసరం కూడా వాడికి లేదు.

ఇది చదువుతున్న లెక్చరర్ మిత్రులకు, ముఖ్యంగా నాలాగా మొదటి తరంలో కుర్చీ ఎక్కినవాళ్ళకు ఒక మాట. ఈ సెమిస్టర్ హాజరు జాబితా తయారయ్యే రోజులివి. 75 శాతం కింద ఎర్రగీత గీసేముందు ఆ పిల్లల్ని ఒక్కొక్కరిగా పిలిచి, రాత్రి ఎక్కడ పనిచేస్తున్నావని అడగండి. క్లాసులో అందరిముందు కాదు, బయట చెట్టు కింద. నేను సోమవారం నుంచి మొదలుపెట్టాను. నా క్లాసులో పదకొండు మంది తేలారు. అందులో నలుగురు ఆడపిల్లలు.

వాళ్ళ గురించి వచ్చే వారం రాస్తాను, వాళ్ళు రాయమంటేనే.

జై భీమ్.